లీకు పరీక్షకు వాడిన హీలియంను తిరిగి పట్టి వాడుకోవడం లాభమేనా?

ప్రశ్న అడిగిన మిత్రులు మల్లవల్లి పారిశ్రామిక వాడలో ఏసీ కండెన్సర్ కాయిళ్లు తయారు చేస్తున్నారు. ఒక్కో కాయిల్ లోపలి ఖాళీ సుమారు 2 లీటర్లు, నింపే పీడనం సుమారు 20 బార్, రోజుకు 500 కాయిళ్లు. గాలి తీసేసిన పెట్టెలో (వాక్యూమ్ ఛాంబర్) హీలియం నింపిన కాయిల్‌ను పెట్టి, లీకై బయటికి వచ్చే హీలియంను డిటెక్టరుతో పట్టే పరీక్ష ఇది. అది పూర్తయ్యాక కాయిల్‌లోని హీలియంను పైపు ద్వారా షెడ్డు పైకి వదిలేస్తున్నారు. ఒక సరఫరాదారు రికవరీ యంత్రం కొనమంటున్నారు. దాని ఖర్చు తిరిగి వస్తుందా, ఒకసారి వాడిన గ్యాస్‌తో మళ్లీ చేసే పరీక్ష నమ్మదగినదేనా అన్నవి ఆయన రెండు సందేహాలు.

నేరుగా చెబుతాను. మీ ఇప్పటి వాడకానికి రికవరీ తప్పకుండా లాభమే. తిరిగి వాడిన హీలియంతో చేసే పరీక్షనూ నమ్మవచ్చు. అయితే నింపే ముందు ప్రతి కాయిల్‌లోని గాలిని వాక్యూమ్ పంపుతో లాగేయాలి, తిరిగి పట్టిన గ్యాస్ నిల్వ ఉండే ట్యాంకులో హీలియం ఎంత శాతం ఉందో రోజూ కొలవాలి. ఈ రెండు పనులూ చేయని చోట రికవరీ యంత్రం డబ్బు మిగిల్చినట్టే కనిపిస్తుంది కానీ, లీకైన సరుకును మంచి సరుకుగా దాటిస్తుంది. యంత్రం కొనే ముందే వాడకాన్ని తగ్గించుకునే మార్గాలు కూడా కొన్ని ఉన్నాయి. వాటిని చూడకుండా కొంటే అవసరానికి మించిన యంత్రం మీ షెడ్డులో కూర్చుంటుంది.

ముందు లెక్క చూద్దాం. 20 బార్ అన్నది సంపూర్ణ పీడనం (వాతావరణపు 1 బార్‌తో కలిపి) అనుకుంటే గేజ్ మీద 19 కనిపిస్తుంది. 2 లీటర్ల ఖాళీలో 20 బార్ అంటే మామూలు వాతావరణ పీడనం వద్ద 40 లీటర్ల గ్యాస్. 500 కాయిళ్లకు 20,000 లీటర్లు, అంటే రోజుకు 20 ఘనపు మీటర్లు. 47 లీటర్ల నీరు పట్టే సిలిండరును 150 బార్‌కు నింపితే దాదాపు 7 ఘనపు మీటర్ల హీలియం వస్తుంది. ఈ లెక్కన రోజుకు మూడు సిలిండర్లు చాలాలి, కానీ మీ స్టోరు పుస్తకంలో అంతకంటే ఎక్కువే కనిపిస్తూ ఉంటుంది. కారణం మీరు వెనక్కి పంపే ‘ఖాళీ’ సిలిండర్లే. కాయిల్‌ను 20 బార్‌కు నింపాలంటే సిలిండరులో అంతకంటే ఎక్కువ పీడనం ఉండాలి కాబట్టి, లోపల 20 బార్ మిగిలి ఉండగానే దాన్ని పక్కన పెట్టేస్తారు. 150లో 20 అంటే 13 శాతం. మీరు డబ్బు కట్టిన హీలియంలో ఎనిమిదో వంతు సరఫరాదారు లారీలోనే తిరిగి వెళ్లిపోతోంది.

దీనికి రికవరీ యంత్రం అవసరం లేదు. సిలిండర్లను రెండు వరుసలుగా కలిపి, తక్కువ పీడనం ఉన్న వరుస నుంచి కాయిల్‌ను ముందు 8 లేదా 10 బార్ దాకా నింపి, ఆపై పూర్తి పీడనం ఉన్న వరుస నుంచి మిగతాది నింపితే, పాత సిలిండర్లలోని గ్యాస్‌లో చాలా భాగం వాడకంలోకి వస్తుంది. నాలుగు వాల్వులు, ఒక చిన్న టైమరు మార్పుతో అయ్యే పని ఇది. నేను చూసిన యూనిట్లలో ఎక్కువ మంది దీన్ని పట్టించుకోకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. సిలిండర్ల మీద రాసి ఉండే శుద్ధతను కూడా గమనించండి. లీకు పరీక్షకు 99.9 శాతం శుద్ధత గల హీలియం బాగా సరిపోతుంది. ప్రయోగశాలల కోసం అమ్మే 99.999 శాతం గ్యాస్‌ను అలవాటు కొద్దీ తెప్పిస్తుంటే ఆ అదనపు ధర వృథాయే.

ఇక రికవరీ సంగతి. పరీక్ష అయిన కాయిల్‌ను వాతావరణ పీడనంలో ఉన్న గ్యాస్ సంచికి కలిపి వాల్వు తెరిస్తే, 20 బార్‌లో 19 బార్ దానంతటదే సంచిలోకి వచ్చేస్తుంది. కాయిల్‌లో 1 బార్, అంటే 5 శాతం మాత్రమే మిగులుతుంది. ఆ మిగిలినదాన్ని కూడా వాక్యూమ్ పంపుతో 50 మిల్లీబార్ దాకా లాగితే పోయేది పావు శాతమే. గొట్టాల్లో మిగిలేది, లీకైన కాయిళ్ల నుంచి పోయేది, కనెక్టర్ల దగ్గర పోయేది కలుపుకున్నా, చక్కగా నడిపే చోట 90 నుంచి 95 శాతం తిరిగి రావడం సాధ్యమే. సంచిలో చేరినదాన్ని కంప్రెసరు మళ్లీ నిల్వ ట్యాంకులోకి ఎక్కిస్తుంది.

తక్కువ పీడనంతో పరీక్ష చేసేవారికి ఈ లెక్క వేరు. ఆటోనగర్‌లో బస్సులు, లారీల డీజిల్ ట్యాంకులను 1.3 బార్ సంపూర్ణ పీడనం దగ్గర పరీక్షించే వారు ఉన్నారనుకుందాం. అక్కడ వాల్వు తెరిస్తే తిరిగి వచ్చేది నాలుగో వంతు కూడా కాదు, మిగతాదంతా ట్యాంకులోనే ఉండిపోతుంది. పంపుతో లాగుదామంటే పలుచని రేకు ట్యాంకు బయటి గాలి బరువుకు లోపలికి నొక్కుకుపోతుంది. అలాంటి చోట ట్యాంకు ఛాంబర్‌లోనే ఉండగా, బయటా లోపలా కలిపి వాక్యూమ్ చేసే ఏర్పాటు లేకపోతే రికవరీ మాట మరచిపోవడమే మంచిది.

అసలు ప్రమాదం ట్యాంకులోకి చేరే గాలితో వస్తుంది. నింపే ముందు కాయిల్‌లో 1 బార్ గాలి ఉంటుంది. దాన్ని తీయకుండా పైన 19 బార్ హీలియం నింపితే మిశ్రమంలో హీలియం 95 శాతం. ఆ గ్యాస్‌నే తిరిగి పట్టి రెండోసారి అలాగే నింపితే 90 శాతం చిల్లర. గ్యాస్ తిరిగిన ప్రతి విడతకూ ఇలా 5 శాతం చొప్పున తగ్గుతూ పోయి, పదమూడు పద్నాలుగు విడతలకు సగానికి దిగుతుంది. ఇందులో మోసపూరితమైన విషయం ఏమిటంటే, నిల్వ ట్యాంకు గేజ్ మాత్రం నిండుగానే చూపిస్తుంది. పోయిన హీలియం స్థానాన్ని గాలి భర్తీ చేస్తుంది కాబట్టి కొత్త సిలిండరు తగిలించవలసిన అవసరమే కనిపించదు. ‘యంత్రం పెట్టాక నెలకు ఒక్క సిలిండరు కూడా పట్టడం లేదు’ అని ఎవరైనా సంతోషంగా చెబితే, నేను ముందు అడిగేది ట్యాంకులో హీలియం శాతమే.

అదే కాయిల్‌ను నింపే ముందు 10 మిల్లీబార్ దాకా వాక్యూమ్ చేస్తే, కలిసే గాలి రెండు వేలలో ఒక వంతు మాత్రమే. గ్యాస్ వంద విడతలు తిరిగినా 95 శాతం నిలుస్తుంది. మధ్యలో నష్టానికి బదులు కొత్త హీలియం చేరుతూనే ఉంటుంది కనుక, 5 శాతం నష్టం ఉన్న చోట మిశ్రమం 99 శాతం దగ్గర స్థిరపడుతుంది.

వాక్యూమ్ చేయకపోవడంలో ఇంకా పెద్ద చిక్కు ఒకటుంది. కాయిల్ అంటే సన్నని పొడవాటి గొట్టం. ఒక చివర నుంచి హీలియం ఎక్కించినప్పుడు లోపలి గాలి దానితో వెంటనే కలిసిపోదు, ముందుకు నెట్టుకుపోయి అవతలి చివర గుమిగూడుతుంది. ఇరవై రెట్లు నొక్కుకుపోయి గొట్టంలో చివరి ఇరవయ్యో వంతులో కూర్చుంటుంది. ఆ చివరి యు-బెండ్ బ్రేజింగ్ (లోహం కరిగించి వేసిన అతుకు) దగ్గర లీకు ఉంటే అక్కడి నుంచి బయటికి వచ్చేది గాలే గానీ హీలియం కాదు. డిటెక్టరు హీలియంను మాత్రమే చూస్తుంది కాబట్టి ఆ కాయిల్ మంచిదని పచ్చ దీపం వెలుగుతుంది. సరికొత్త శుద్ధ హీలియం వాడుతున్నా ఇదే జరుగుతుంది. అందుకని వీలైతే రెండు చివరల నుంచీ గాలిని లాగండి. సన్నని గొట్టం గుండా ఒకవైపు నుంచే లాగితే చాలా సమయం పడుతుంది. పైగా పంపు దగ్గరి గేజ్ చూపే వాక్యూమ్ గొట్టం అవతలి చివర ఉండదు.

గుంటూరు వైపు ఉన్న ఒక యూనిట్‌లో చూసిన విషయం ఇక్కడ చెప్పాలి. అక్కడ రికవరీ యంత్రం ఉంది, వాక్యూమ్ దశ కూడా ఉంది. ఉత్పత్తి పెంచాలన్న ఒత్తిడిలో షిఫ్టు వాళ్లు ఆ దశ టైమరును సెకన్లకు సెకన్లు కుదిస్తూ వచ్చారు. రోజూ ఉదయం డిటెక్టరుకు క్యాలిబ్రేషన్ చేస్తున్నారు, ప్రతిరోజూ సరిగ్గానే వస్తోంది. అయినా కొనుగోలుదారు దగ్గర గ్యాస్ ఖాళీ అయిన కాయిళ్లు బయటపడుతున్నాయి. నేను ఒక మంచి కాయిల్‌కు తెలిసిన కేపిలరీ లీకు (ఎంత గ్యాస్ కారుతుందో ముందే కొలిచి ఉంచిన అతి సన్నని గొట్టం) బిగించి, వాళ్ల ట్యాంకు గ్యాస్‌తోనే నింపి ఛాంబర్‌లో పెట్టించాను. సెకనుకు 5×10⁻⁵ మిల్లీబార్-లీటర్లు (లీకు వేగాన్ని చెప్పే కొలత) చూపించవలసిన తెర మీద 2.1×10⁻⁵ నిలిచింది. ట్యాంకు నుంచి నమూనా తీసి కొలిస్తే హీలియం సగం కూడా లేదు.

ఉదయపు క్యాలిబ్రేషన్ దీన్ని ఎందుకు పట్టుకోలేదో గ్రహించండి. డిటెక్టరుకు బిగించి ఉండే క్యాలిబ్రేషన్ లీకులో దాని సొంత హీలియం నిల్వ ఉంటుంది. అది డిటెక్టరు బాగుందని మాత్రమే చెబుతుంది, కాయిల్‌లో నింపే గ్యాస్ ఎలా ఉందో దానికి తెలియదు. కాబట్టి ప్రతి షిఫ్టు మొదట్లో తెలిసిన లీకు ఉన్న మాస్టర్ కాయిల్‌ను, రోజూ వాడే గ్యాస్‌తోనే, రోజూ నడిచే సైకిల్‌తోనే నింపి పరీక్షించాలి. ఆ లీకును గ్యాస్ ఎక్కే చివర కాక అవతలి చివర బిగిస్తే, వాక్యూమ్ దశ సరిగ్గా జరుగుతోందో లేదో కూడా అదే చెప్పేస్తుంది.

శాతం కొలవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. హీలియం ఉష్ణవాహకత గాలి కంటే దాదాపు ఆరు రెట్లు ఎక్కువ కనుక, ఉష్ణవాహకత ఆధారంగా పనిచేసే సెన్సార్ ఈ రెండింటి మిశ్రమాన్ని చక్కగా కొలుస్తుంది. దాన్ని నిల్వ ట్యాంకు నుంచి నింపే పైపుకు వెళ్లే దారిలో పెట్టించండి. కొటేషన్‌లో ఈ సెన్సార్ ‘ఐచ్ఛికం’ అని రాసి ఉంటే, మీరు దాన్ని తప్పనిసరి అని దిద్దండి. శాతం తగ్గిన మేరకు రిజెక్ట్ హద్దును (ఏ రీడింగు దాటితే కాయిల్‌ను పక్కన పెడతామో దాన్ని) కూడా తగ్గించాలి. 80 శాతం గ్యాస్‌తో నడుపుతూ హద్దును మాత్రం 100 శాతానికి పెట్టినట్టే ఉంచితే, హద్దుకు కొంచెం పైన ఉన్న లీకులన్నీ దాటిపోతాయి. పీడనం తగ్గినా ఇదే సమస్య. ఈ స్థాయి లీకుల్లో ప్రవాహం సుమారుగా పీడనపు వర్గాన్ని అనుసరిస్తుంది కాబట్టి, 20 బార్‌కు బదులు 18 బార్ నింపితే లీకు సంకేతం దాదాపు ఐదో వంతు పడిపోతుంది.

ఇంత చదివాక, తక్కువ శాతం హీలియంనే కావాలని వాడితే ఏం అన్న ఆలోచన మీకు వచ్చి ఉండాలి. రావాలి కూడా. ఏసీలో నింపే ఆర్-32 రిఫ్రిజరెంట్ ఏడాదికి 5 గ్రాములు పోయే లీకు అంటే సెకనుకు సుమారు 7×10⁻⁵ మిల్లీబార్-లీటర్లు. నింపే గ్యాస్‌లో హీలియం 20 శాతమే ఉన్నా సంకేతం 1.4×10⁻⁵ ఉంటుంది. శుభ్రంగా ఉన్న ఛాంబర్‌లో డిటెక్టరుకు అది చాలా పెద్ద సంకేతం. మిగతా 80 శాతం పొడి నైట్రోజన్ కావచ్చు. అంటే మీ 20 ఘనపు మీటర్ల రోజువారీ హీలియం వాడకం ఒక్క దెబ్బతో 4కు దిగుతుంది. మీ కొనుగోలుదారు ఇచ్చిన లీకు హద్దు ఎంతో చూసుకుని, ఛాంబర్ బ్యాక్‌గ్రౌండ్ (లీకు లేకున్నా డిటెక్టరు చూపే రీడింగు) ఆ హద్దు సంకేతంలో పదో వంతుకు మించకుండా ఉంటే ఈ మార్గం నిశ్చింతగా పట్టవచ్చు. కాయిల్‌లో ముందు హీలియం, తర్వాత నైట్రోజన్ నింపి మిశ్రమం అయిందనుకోవద్దు. సన్నని గొట్టంలో అవి ఒకదాని వెనుక ఒకటి నిలబడతాయే గానీ కలవవు. ముందే ట్యాంకులో కలిపి, కలిసిన శాతాన్ని కొలిచి నింపాలి. మిశ్రమానికి మారి, దానికి రికవరీ కూడా జోడిస్తే యంత్రం మోయవలసిన గ్యాస్ పరిమాణం తగ్గదు గానీ, పోయే ప్రతి లీటరులో హీలియం ఐదో వంతే ఉంటుంది. అప్పుడు రికవరీ యంత్రం పెట్టుబడి తిరిగి రావడానికి చాలా ఏళ్లు పట్టవచ్చు. నా అభిప్రాయంలో నెలకు ఏడెనిమిది సిలిండర్లకు మించి ఖర్చు కాని చోట రికవరీ యంత్రం కొనకుండా మిశ్రమంతో సరిపెట్టుకోవాలి.

కంప్రెసరు విషయంలో మాత్రం పొదుపు చేయకండి. గాలి కోసం తయారైన పిస్టన్ కంప్రెసరును హీలియంకు తగిలిస్తే రెండు కష్టాలు వస్తాయి. రింగుల సందుల్లోంచి హీలియం క్రాంక్‌కేస్‌లోకి జారి అక్కడి నుంచి గాలిలో కలిసిపోతుంది. రెండోది వేడి. హీలియం ఏక పరమాణు వాయువు కాబట్టి నొక్కినప్పుడు గాలి కంటే చాలా ఎక్కువ వేడెక్కుతుంది. 40 డిగ్రీల గ్యాస్‌ను ఒకే దశలో ఐదు రెట్లు నొక్కితే, సిద్ధాంతం ప్రకారం గాలి 220 డిగ్రీల దరిదాపుకు వెళ్లేచోట హీలియం 320 దాటుతుంది. మే నెల బెజవాడ ఎండలో, రేకుల షెడ్డు కింద, చల్లార్చే నీరే గోరువెచ్చగా ఉన్నప్పుడు ఇది ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పనక్కర్లేదు. దశల మధ్య చల్లార్చే ఏర్పాటు ఉన్న, నూనె కలవని కంప్రెసరు కావాలి. నూనె తుంపర కాయిల్‌లోకి వెళితే రేపు ఏసీ కంప్రెసరుకు అదే చేటు. మన దగ్గర వానాకాలపు తేమ కూడా తక్కువేమీ కాదు కనుక, ట్యాంకుకు ముందు డ్రయ్యరు, ఫిల్టరు ఉండాలి. సిలికాన్, సహజ రబ్బరు గొట్టాల గోడల్లోంచి హీలియం మెల్లగా బయటికి చొచ్చుకుపోతుంది. ఎక్కువసేపు పీడనంలో ఉండే దారులన్నిటికీ రాగి లేదా స్టీలు గొట్టమే వేయండి.

హీలియం నింపే ముందు పొడి గాలితో పెద్ద లీకు పరీక్ష చేస్తున్నారో లేదో మీరు రాయలేదు. చేయకపోతే వెంటనే మొదలుపెట్టండి. బ్రేజింగ్ పూర్తిగా తప్పిన కాయిల్ ఒక్కటి ఛాంబర్‌లోకి వెళితే, దానిలోని హీలియమంతా వాక్యూమ్ పంపు గుండా పోవడమే కాకుండా, ఛాంబర్‌నూ డిటెక్టరునూ ఉక్కిరిబిక్కిరి చేసి తర్వాతి పది కాయిళ్ల పరీక్షను ఆలస్యం చేస్తుంది. ఇప్పుడు షెడ్డు పైకి వదులుతున్న పైపు చివర ఎక్కడుందో కూడా చూడండి. మామూలు గాలిలో హీలియం 5 పీపీఎం, అంటే పది లక్షల వంతుల్లో 5 మాత్రమే. వదిలిన గ్యాస్ కిటికీల గుండా తిరిగి లోపలికి వస్తే అది వందల పీపీఎంకు చేరి, ఛాంబర్ తెరిచిన ప్రతిసారీ బ్యాక్‌గ్రౌండ్‌ను పెంచుతుంది, స్నిఫర్‌తో (కాయిల్ మీద చేత్తో తిప్పుతూ గ్యాస్‌ను పసిగట్టే డిటెక్టరు) లీకు చోటు వెతికే పని అసాధ్యమవుతుంది. రికవరీ పెట్టిన తర్వాత షెడ్డు గాలి శుభ్రపడి, రిజెక్ట్ అయిన కాయిళ్లను తిరిగి పరీక్షించే పని తగ్గిన యూనిట్లు నాకు తెలుసు. ఆ లాభాన్ని ఏ కొటేషన్‌లోనూ రాయరు.

నియమాల గురించి క్లుప్తంగా చెబుతాను. 1000 లీటర్లు దాటిన పీడన పాత్ర పెడితే 2016 నాటి స్థిర, చలన పీడన పాత్రల నియమాల కింద పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) అనుమతి కావాలి. తిరిగి పట్టిన గ్యాస్‌ను సరఫరాదారు సిలిండర్లలోకి మీరే నింపవద్దు. సిలిండర్లు నింపడానికి విడిగా లైసెన్సు ఉంటుంది, పైగా లోపల ఏముందో తెలియని సిలిండరు ఇంకొకరి చేతికి వెళుతుంది. గ్యాస్ సంచి ఉన్న గది మూసి ఉంటే అక్కడ ఆక్సిజన్ అలారం తప్పనిసరి. హీలియంకు రంగు, వాసన లేవు. ఊపిరి ఆడటం లేదని తెలిసేలోపే మనిషి పడిపోతాడు.

స్నిఫర్‌తో మాత్రమే పరీక్ష చేసే చిన్న యూనిట్ల వారికి ఒక మాట. 5 శాతం హైడ్రోజన్, 95 శాతం నైట్రోజన్ ఉన్న సిద్ధ మిశ్రమం మంట అంటుకోదు, చవక, హైడ్రోజన్ సెన్సార్లకు చక్కగా దొరుకుతుంది. దానికి రికవరీ గొడవే లేదు. ఆ మిశ్రమాన్ని తయారుగా కొనాలే తప్ప షెడ్డులో స్వయంగా కలపకూడదు.

డబ్బు లెక్క పక్కన పెట్టినా ఈ గ్యాస్‌ను ఊరికే వదిలేయడం నాకు మనస్కరించదు. భూమి లోపల యురేనియం, థోరియం క్షీణిస్తూ కోట్ల ఏళ్లలో తయారైన హీలియం సహజ వాయు నిక్షేపాల్లో దొరుకుతుంది. గాలిలోకి వదిలినది అంతరిక్షంలోకి జారిపోతుంది, మళ్లీ మనకు అందదు. మన దేశం తన అవసరాన్ని దాదాపు అంతా దిగుమతితోనే తీర్చుకుంటోంది. 1868 ఆగస్టు 18న ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త పియర్ జాన్సెన్ సంపూర్ణ సూర్యగ్రహణాన్ని వర్ణపటదర్శినితో పరిశీలించినది మన గుంటూరులోనే. ఆ ఏడాది సూర్యుని వర్ణపటంలో కనిపించిన పసుపు గీత ద్వారానే ఈ మూలకం ఉనికి మొదట తెలిసింది. భూమి మీద దాన్ని విలియం రామ్సే వేరు చేసినది 1895లో. ఈ చరిత్ర ఉన్న నేల మీద పనిచేసే మనం దీన్ని జాగ్రత్తగా వాడాలని నేను గట్టిగా కోరుకుంటాను.

మీరు కొటేషన్ మీద సంతకం చేసే ముందు నాలుగు వివరాలు ఇక్కడ రాయండి: కొనుగోలుదారు ఇచ్చిన లీకు హద్దు, ఖాళీ ఛాంబర్ బ్యాక్‌గ్రౌండ్ రీడింగు, నింపే ముందు కాయిల్‌లో ప్రస్తుతం ఎంత వాక్యూమ్ వస్తోంది, గత మూడు నెలల్లో వచ్చిన సిలిండర్ల సంఖ్య. వాటిని బట్టి 20 శాతం మిశ్రమం మీకు సరిపోతుందా, పూర్తి రికవరీయే కావాలా, కావాలంటే కంప్రెసరు ఎంత సామర్థ్యంలో ఉండాలి అన్నది లెక్క వేసి చెబుతాను.